అయిదో వాకిలి

పెరటాసి మూడో శనివారం రేపనగా, పొద్దున్నే అమ్మణి బక్కెట్టూ కొబ్బరిపీచూ పట్టుకుని మామిడితోటలోకి వెళ్లింది. పెరుమాళ్ల తళిగకు పొయ్యిరాళ్లు కడగాలి. ఏడాది పొడుగునా బంగినపల్లి చెట్టు మొదట్లో బోర్లించి ఉండే మూడు నల్లరాళ్లు అవి. ఆ రోజు అక్కడ లేవు. రాత్రి వానకు తడిసిన నేల మీద మూడు గుంటలు మాత్రం మిగిలాయి.

వెతగ్గా వెతగ్గా టెంట్ల నడుమ, చలిమంట వేసే చోట కనబడ్డాయి. వాటి మీద ఇనప కమ్మీల జల్లెడ పరిచి ఉంది. కమ్మీల సందులో ఒక కోడి ఎముక ఇరుక్కుని ఉంది. రాళ్ల మీద కారిన కొవ్వు తెల్లగా గడ్డకట్టి, దానికి చీమలు బారులు తీరాయి. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అమ్మణికి అది నిజంగానే కాళ్ల నుంచే మొదలైంది. బక్కెట్టు అక్కడే పడేసి కొడుకు నడిపే క్యాంపు ఆఫీసు వైపు నడిచింది. దారిలో ఒక టెంటు తాడు కాలికి తగిలి టెంటు సగం కూలింది, లోపలున్నవాళ్లు కేక పెట్టారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

మూడు రాళ్ల కోసం ఇంత మంటా అనుకునేవాళ్లు ఉంటారు. ఆమె కొడుకూ అదే అనుకున్నాడు. అందుకే ముందు ఆ రాళ్ల సంగతి చెప్పాలి.

అమ్మణి వాళ్లది చెన్నైకి ఉత్తరాన, షోళవరం చెరువు అవతల, ఏ రాయల కాలంలోనో వచ్చి పాతుకుపోయిన తెలుగు కుటుంబం. చుట్టూ అరవం. బజారులో అరవం, బడిలో అరవం. పెరుమాళ్లతో మాట్లాడాలన్నా, కోపం వచ్చినా మాత్రం తెలుగే. ఇప్పటి పిల్లలు కోపం కూడా అరవంలోనే పడుతున్నారు, అది వేరే సంగతి. భాద్రపద ఆశ్వయుజాల నడుమ వచ్చే పెరటాసి నెలలో ఆ ఇళ్లల్లో కోడీ చేపా, ఏ నీసూ ముట్టరు. ఒక శనివారం పెరుమాళ్లకు తళిగ వేస్తారు. పొంగలీ పులిహోరా వడలూ అరిటాకులో రాశిపోసి, పిండిదీపం వెలిగించి, గోవింద కొట్టి, ఊళ్లో వచ్చినవాళ్లందరికీ పెడతారు. ఆ బియ్యం మాత్రం సొంతింటివి కాకూడదు. ఎంత కలిగినవాళ్లయినా నుదుట నామం పెట్టుకుని, నామం దిద్దిన చెంబు పట్టుకుని, అయిదు వాకిళ్ల ముందు నిలబడి గోవిందా అని అడుక్కురావాలి. ఏడాదంతా నెత్తికెక్కిన గర్వాన్ని ఆ ఒక్కరోజు దించుకోవాలని పెద్దలు పెట్టిన కట్టు. అలా తెచ్చిన బియ్యం ఆ మూడు రాళ్ల మీద ఉడకాలి. ఆ రాళ్లకు ఏడాదికి అదొక్కటే పని. మిగతా రోజుల్లో వాటి మీద కుక్క కూడా కాలెత్తకుండా చూసుకునేవాళ్లు.

బియ్యం వేసిన వాకిళ్ల వాళ్లది మొదటి పంక్తి. సొంతింటివాళ్లు అందరూ తిని లేచాక, పొయ్యి పక్కన చతికిలబడి గిన్నె అడుగు గీరుకుని తింటారు. అడుగంటిన ఆ పొంగలి కోసం అమ్మణి కొడుకు విఘ్నేష్ చిన్నప్పుడు మంచినీళ్లు కూడా తాగకుండా కాచుకుని కూర్చునేవాడు.

కొత్తకోడలిగా వచ్చిన ఏడు అమ్మణి ఒక పొరపాటు చేసింది. నాలుగు వాకిళ్లు తిరిగేసరికి ఎండకు కళ్లు తిరిగాయి. అయిదోది ఎందుకులే అని నేరుగా మెట్టినింటి గడప ముందే నిలబడి గోవిందా అంది. అత్తగారు లోపలనుంచి చీపురుకట్టతో వచ్చింది. "ఈడ అడుగుతావా? అడుక్కునేది పరాయోళ్ల వాకిట్లో. ఈడ అడిగితివంటే ఇది నీ ఇల్లు కాదని నీ నోటితో నువ్వే చెప్పినట్టు. చెప్తావా?" అంది. అమ్మణి చెంబు వెనక దాచుకుని ఏడ్చింది. ఆ తర్వాత అత్తగారే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చింది.

ఇంకొకటి. అమ్మణి మొగుడూ ఆయన అన్న చిన్నస్వామీ ఆస్తి పాలు పంచుకున్నారు. పేరుకే చిన్నస్వామి, ఇంటికి పెద్దవాడు. గొడవలేమీ లేకుండానే పంచుకున్నారు. ఆ ఏడు పెరటాసిలో ఆమె మొగుడు అన్నగారి వాకిట్లో నిలబడి మొదటిసారి గోవిందా అన్నాడు. చిన్నస్వామి చేట పట్టుకుని బయటికొచ్చాడు. చెయ్యి వణికి సగం బియ్యం చెంబులో, సగం గడప మీద పడ్డాయి. రిజిస్ట్రారు ఆఫీసులో చేతులు వణకని మనిషికి అక్కడ వణికాయి. ఆ ఇంటి మనుషులకు వేరుపడటం అంటే అదీ.

ఇక క్యాంపు సంగతి. విఘ్నేష్ అంబత్తూరు ఎస్టేటులో బండి విడిభాగాలు చేసే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. కంపెనీవాళ్లు మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు ఇతన్నీ తగ్గించారు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని ఫోను చూశాడు. ఆ తర్వాత ఎవరు చెప్పారో, మామిడితోటలో టెంట్లు వేసి ఊరి చల్లగాలికి సిటీవాళ్లను పిలుస్తానన్నాడు. మొగుడు పోయాక తోట అమ్మణి పేరనే ఉంది. అయినా వేసవిలో ఒకరోజు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని అడిగాడు. ఆమె రెండే మాటలు చెప్పింది. పెరటాసి నెలంతా తోటలో నీసు వండకూడదు. మూడో శనివారం తోట ఖాళీగా ఉండాలి. విఘ్నేష్ ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, సరే మా అన్నాడు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆ క్యాంపు ఆమెకు నచ్చింది. తెల్లారగానే టెంట్ల జిప్పులు ఒక్కొక్కటే బర్రుబర్రున తెరుచుకోవడం, నిద్రమొహాలతో పిల్లలు బయటికొచ్చి రాత్రి జల్లుకు తడిసిన గడ్డి మీద కాలు పెట్టి వెనక్కి లాక్కోవడం చూసి నవ్వుకునేది. బోరింగు దగ్గర పళ్లు తోముకుంటూ మగవాళ్లు వరసకట్టేవాళ్లు. ఒకాయన నెమలి కూత విని, దీన్ని రాత్రిపూట ఆపేస్తారా అని అడిగాడు. ఒకమ్మాయి ఆవు కరుస్తుందా అంది. అమ్మణి వేసే చెనక్కాయల చట్నీకి గిన్నెలు నాకేవాళ్లు. పొద్దున పదిగంటలకు వాళ్లు సంచులు సర్దుకుని కార్లెక్కుతుంటే, దణ్ణం పెట్టి పంపేది. టెంట్లు వేసిన చోట గడ్డి పచ్చగా కాక తెల్లగా, చదరంగా మిగిలేది. దాని మీద నీళ్లు చల్లేది.

పెరటాసి రాగానే గేటుకు 'ఆటమ్ క్యాంప్' అని బోర్డు కట్టారు. ఆటమ్ అంటే ఏందని అడిగితే, కోడలు శ్రీప్రియ, "ఆకు రాలే కాలం అత్తై" అంది. ఈ మన్నులో పెరటాసికి ఏ ఆకు రాలింది? మధ్యాహ్నం దాకా చెమట రాలుతుంది, సాయంత్రానికి ఉరుము ఉరిమి వాన రాలుతుంది. పుల్లలు తడిసి మంట అంటుకోక అందరి కళ్లనుంచీ నీళ్లు రాలుతాయి. అయినా బోర్డు చూసి జనం వచ్చారు.

మొదటివారం గుడ్లు. గుడ్డు నీసు కాదు మా అన్నాడు. రెండోవారం కంచె దగ్గర, గాలి అటు పోయే చోట, ఎవరో వాళ్లే తెచ్చుకున్న చికెన్. వాళ్లు తెచ్చుకుంటే నేనేం చెయ్యను మా అన్నాడు. ఏకై వచ్చింది మేకైంది. మూడోవారానికి కోడి తోట నడుమకు వచ్చి, పొయ్యిరాళ్ల మీద కూర్చుంది.

అమ్మణి ఆఫీసు చేరేసరికి విఘ్నేష్ ఫోనులో ఉన్నాడు. ఆఫీసంటే రేకుల షెడ్డే, ముందు రెండు పూలకుండీలు. కోడలు శ్రీప్రియ కాఫీ ఫ్లాస్కులు తుడుస్తోంది.

"ఆ రాళ్లు ఎవురు తీసింది?"

విఘ్నేష్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏ రాళ్లు మా?"

"తళిగ రాళ్లు. వాటిమీద కోడిని కాల్చినారు."

"ఓ, అదా. గెస్టులకి ఆ నల్లరాళ్లు చూసేదానికి బాగుండాయి. ఉత్త రాయి దానే మా. కడిగితే పోతాది."

"రాయి దానేనా?" అమ్మణి గొంతు రేకులకు తగిలి తిరిగొచ్చింది. "ఒరే, మీ అమ్మ మెడలో ఉణ్ణిందే, అది కూడా పసుపుదారం దానేరా నీకి?"

శ్రీప్రియ ఫ్లాస్కు కింద పెట్టింది. "అత్తై, విడుంగ, పోనీండి. గెస్టులు వింటారు."

"విననీ. రేపు తోట ఖాళీగా ఉంటాది గదరా?"

విఘ్నేష్ ఫోను కట్టేసి జేబులో వేసుకున్నాడు. ఆ వేసుకోవడం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. "లేదు మా. ఇయ్యాల సాయంత్రం నుంచి రేపంతా ఒక కంపెనీవాళ్లు తోటంతా బుక్ చేసినారు. పెద్ద గ్రూపు. ఈ ఒక్క ఏడు మాత్రం దా. నువ్వు తళిగ ఇంట్లో ఏసుకో. గ్యాస్ మీద ఏస్తే పెరుమాళ్లు వద్దంటాడా?"

"నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పితివి."

"చెప్పినా మా, లేదనలేదే. అయినా బతకాల గదా?" అని, కాస్త మెత్తబడి, బల్ల అవతలనుంచి వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. "ఒక పని చెయ్ మా. నువ్వు నామం పెట్టుకొని, చెంబు తీసుకొని, ఈడికే రా. పెదనాయన జేగంట కొడతాడు. నువ్వు గోవిందా అను. గెస్టులకి చూసేదానికి సూపర్‌గా ఉంటాది. అందరూ వీడియో తీస్తారు. నీ తళిగా జరుగుతాది, మనకీ పేరొస్తాది."

చూశారా, గుడినీ గుళ్లో లింగాన్నీ మింగేవాళ్లంటే ఎవరో అనుకుంటాం. ఆమె కన్న కొడుకే. ఈమాట అన్నందుకు అతని చెంప పగిలి ఉండాల్సింది. అమ్మణి చెయ్యి పైకి లేచింది కూడా. అంతలో ఏదో తోచి, ఆ చెయ్యి దించేసింది.

"ఈడికే రమ్మంటావా?"

"ఆమా మా," అని తలూపాడు.

"ఈ వాకిలి ముందర నిలబడి గోవిందా అనమంటావా?"

"అదే చెప్తావుండా."

"సెరి," అంది.

ఆ సెరి విని భయపడాల్సింది పోయి విఘ్నేష్ సంబరపడ్డాడు. "చూసినావా, మా అమ్మ పద్ధతైన మనిషి," అన్నాడు పెళ్లాంతో.

అమ్మణి అక్కణ్ణుంచి నేరుగా చిన్నస్వామి ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని జేగంటకు చింతపండు రుద్దుతున్నాడు. జరిగిందంతా చెప్పింది. ఆయన చింతపండు చేతుల్తోనే లేచి నిలబడ్డాడు.

"తోట నీ పేరన గదా ఉండేది? గేటుకి బీగం ఎయ్. అందర్నీ తోలెయ్."

"తోలేస్తే నేను గెలిచినట్టు బావా. వాడికి సిగ్గు వచ్చినట్టు కాదు. నాకి తోటెందుకు? నాకి వాడు గావాల." ఆమె తోటవైపు తిరిగింది. "రేపు అయిదో వాకిలి క్యాంపు ఆఫీసు."

చిన్నస్వామి మళ్లీ అరుగు మీద కూలబడ్డాడు. ఆయనకు ఆ గడప గుర్తొచ్చి ఉంటుంది. "వద్దమ్మణీ. ఒగసారి అడిగితే మళ్లీ ఎనక్కి రాదు. నా తమ్ముడు పోయేదాకా నా ఇంట్లో ఆకు ముందర కూసున్నాడే గానీ, పొయ్యి కాడికి రాలేదు."

"వాడే రమ్మన్నాడు బావా. వాడి నోటితో." ఆమె అరుగు మీద కూర్చుంది. "వాడేం అరవదేశంలో ఇప్పుడే దిగినోడు కాదు. ఈ చేతుల్లో చెంబు పట్టుకొని నా ఎంట ఊరంతా తిరిగినోడు. వాడికి తెలుసు. రేపు నేను చెంబు చాస్తే, 'మా, ఇది మనిల్లు, ఈడ అడగొద్దు' అని దానికి చెయ్యి అడ్డం పెట్టాల. ఆ ఒగ్గ మాట అంటే చాలు. రాళ్లూ వద్దు, తోటా వద్దు. గ్యాస్ మీదే ఏస్తా. వాడి కోడి వాడు కాల్చుకోనీ."

"అనకపోతే?"

అమ్మణి జేగంట అందుకుని తనే రుద్దడం మొదలుపెట్టింది. అరిగిపోతుందేమో అన్నంత గట్టిగా రుద్దింది.

శనివారం ఉదయమే ఎండ చురుక్కుమంది. అమ్మణి తలస్నానం చేసి పసుపు చీర కట్టుకుంది. నుదుట పొడుగ్గా నామం పెట్టుకుంది. చెంబుకు పసుపు పూసి, దానికీ నామం దిద్ది, తులసిమాల చుట్టింది. చిన్నస్వామి ముందు నడుస్తూ జేగంట మోగించాడు. వాళ్ల వెనక వీధిలోవాళ్లు కొందరు గోవిందలు చెబుతూ నడిచారు. మొదటి వాకిలి చిన్నస్వామిదే, కోడళ్లు బియ్యం వేశారు. రెండోది పక్కింటి అంజలైది. ఆమె తెలుగు మనిషి కాదు, ఆ ఊరి అరవమ్మే, కానీ ఏటా ఈ రోజున కొత్త బియ్యం విడిగా తీసి ఉంచుతుంది. మూడు, నాలుగు వాకిళ్లు చెరువుగట్టు కింద ఇళ్లు. నాలుగోది అయ్యాక అంజలై అడిగింది, అయిదోది ఎక్కడని. అమ్మణి తోటవైపు చెయ్యి చూపించింది. అంజలై నోటిమీద చెయ్యి పెట్టుకుంది. వెనక నడిచేవాళ్ల గోవిందలు కాస్త తగ్గాయి.

తోటలో కంపెనీవాళ్లు అప్పుడే లేస్తున్నారు. ఒకతను టెంటు బయట దుప్పటి కప్పుకుని కాఫీ తాగుతున్నాడు. ఇద్దరు మామిడికొమ్మల మధ్య వలఉయ్యాల కట్టుకుని ఊగుతున్నారు. తడిసిన బూట్లు కంచె మీద వరసగా ఆరుతున్నాయి. పాటలపెట్టె ఏదో మోగుతోంది. జేగంట వినగానే ఎవరో దాన్ని ఆపారు. అందరూ ఫోన్లు తీసుకుని ఆఫీసు ముందు గుమిగూడారు. వాళ్లలో సంయుక్త అనే అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చి చెన్నైలో ఉద్యోగం చేస్తున్నది, గోవిందలు విని ఎగిరి గంతేసింది.

"అయ్యో, మీరు తెలుగువాళ్లా ఆంటీ? మా అమ్మమ్మ వాళ్లింట్లో కూడా శ్రావణ శనివారాలు ఇలాగే చేసేవాళ్లండీ!"

అమ్మణి ఆ పిల్లకేసి చూసి తలూపింది. పూలకుండీల మధ్య నిలబడింది. ఆమె చూపు మాత్రం షెడ్డు తలుపు మీదే ఉంది. చిన్నస్వామి జేగంట మోగిస్తూనే ఉన్నాడు.

"గోవిందా!" అంది. రెండు చేతులతో చెంబు చాచింది.

విఘ్నేష్ బయటికొచ్చాడు. తల్లిని ఆ నామంతో, ఆ చీరతో, అంతమంది ఫోన్ల నడుమ చూసి అతని మొహం వెలిగిపోయింది. ఆ వెలుగులో కపటం లేదు. అదే ఆమె కడుపును ఇంకా మండించింది. అమ్మ కోపం దిగిపోయింది, తన మాట మన్నించింది అనుకున్నాడు.

"గోవిందా!" రెండోసారి. అను, ఒరే, అను అని ఆమె లోపల లోపల అరుస్తోంది.

"ప్రియా, అరిసి!" అని కేకేశాడు విఘ్నేష్. శ్రీప్రియది సేలం వైపు, ఈ కట్లు ఆ పిల్లకేం తెలుసు. గెస్టులకు బిర్యానీ కోసం తెచ్చిన పొడుగు బియ్యం పళ్లెం నిండా పోసుకొచ్చింది. విఘ్నేష్ దోసిలి పట్టాడు. ఫోన్ల వైపు ఒకసారి తిరిగి నవ్వాడు. వంగి, తల్లి చెంబులో పోశాడు. ఒక దోసిలి, ఇంకొక దోసిలి.

"పోదుమా మా? ఇంత చాలునా?" అన్నాడు.

జేగంట ఆగిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ ఊరివాళ్లు మాత్రం కొట్టలేదు. అంజలై కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. చిన్నస్వామి జేగంటను ఛాతీకి ఆనించి పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. విఘ్నేష్ ఆయన్ను చూశాడు. అంజలైని చూశాడు. చేతిలో మిగిలిన బియ్యాన్ని చూసుకున్నాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కానీ దానికి ఏం చెయ్యాలో తోచడం లేదు.

సంయుక్త వీడియో తీస్తూనే అడిగింది. "ఆంటీ, ఈయన మీ అబ్బాయే కదండీ? సొంత కొడుకు దగ్గర కూడా అడుక్కోవాలా?"

"లేదమ్మా," అంది అమ్మణి. "అడుక్కునేది పరాయోళ్ల కాడ దా."

చెంబు రొమ్ముకు ఆనించుకుని, గోవిందా అని, వెనక్కి తిరిగింది. గేటు దాటింది. ఆ తర్వాత వెనక విఘ్నేష్ గొంతు వినిపించింది, అరవంలో కాదు, తెలుగులో. "మా! నాకి జ్ఞాపకం లేదు మా!" ఆమె ఆగలేదు. మర్చిపోవడం తప్పు కాదని ఎవరన్నారు? గెస్టుకు రెండు చెంచాల చక్కెర కావాలో ఒకటి కావాలో గుర్తుండే మనిషికి ఇది గుర్తుండదా? ఆమె కోపం అదే. ద్రోహం చేసుంటే ఏడ్చి ఊరుకునేది. వాడు మర్చిపోయాడు.

తళిగ తోటలో వేయలేదు, ఇంట్లోనూ వేయలేదు. కంచెకు ఇవతల, రోడ్డు పక్క చింతచెట్టు నీడలో మూడు ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టింది. పుల్లలు తడిగా ఉండి పొగ కమ్మింది. అయిదు వాకిళ్ల బియ్యమూ ఒకే గిన్నెలో పోసింది. అంజలై కొత్తబియ్యం మధ్య ఆ పొడుగు బియ్యం ఉడుకుతూ పైకి తేలుతోంది. అమ్మణి గరిటెతో కలిపేసింది.

కాసేపటికి విఘ్నేష్ వచ్చాడు. పాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది. మూడు రాళ్లూ సబ్బుతో, ఇసకతో తోమి, ఒక్కొక్కటే మోసుకొచ్చాడు. లోపల పాటలపెట్టె మళ్లీ మోగలేదు. జల్లెడ కారు డిక్కీలో పెట్టించేశాడని తర్వాత అంజలై చెప్పింది. ఆఖరి రాయి దించి, నడుము పట్టుకుని నిలబడ్డాడు.

"మా. కడిగినా మా. ఈ పొయ్యి తీసేసి వీటిమీద పెట్టు మా."

అమ్మణి పొయ్యి ఊదడం ఆపలేదు. "ఆడ పెట్టండి," అంది.

విఘ్నేష్‌కు మొదట అది తనతో అన్న మాటని తెలియలేదు. వెనకెవరన్నా ఉన్నారేమోనని చూశాడు కూడా.

తళిగ అయింది. పిండిదీపం వెలిగించారు. చిన్నస్వామి గోవింద చెప్పించాడు. చింతచెట్టు కింద ఆకులు వేశారు. ఊరివాళ్లతోపాటు సంయుక్త, ఇంకొందరు క్యాంపువాళ్లు వచ్చి నేలమీద కూర్చోవడానికి నానాతంటాలు పడ్డారు. విఘ్నేష్ చేతులు కడుక్కుని, తల వంచుకుని, నేరుగా పొయ్యి దగ్గరికొచ్చాడు. చిన్నప్పటిలాగే చతికిలబడ్డాడు. అడుగంటిన పొంగలి గిన్నె వైపు చెయ్యి చాపాడు. అది ఆకలి కాదు. తల్లి ఒక్క తిట్టు తిడితే చాలని చూస్తున్నాడు.

అమ్మణి గిన్నె పక్కకు జరిపింది.

"ఈడ కాదు," అంది. "మొదటి పంక్తిలో ఆకేసుండాము. పోయి కూసోండి."

"మా, నన్నేంది మా అండి అంటావుండావు? చెప్పుతో కొట్టు మా. అట్ల అనొద్దు."

"బియ్యమేసినోళ్లని అట్లనే అనాల. లెయ్యండి, ఆకు ఎండతావుంది."

అతను లేవలేదు. చిన్నస్వామి వచ్చి చెయ్యి పట్టుకుని లేపాడు. మొదటి పంక్తిలో, అంజలై పక్కన ఖాళీగా ఉన్న ఆకు ముందు కూర్చోబెట్టాడు. అమ్మణి బక్కెట్టూ గరిటే పట్టుకుని వరసగా వడ్డించుకుంటూ వచ్చింది. అంజలైకి పెట్టింది. తర్వాతి ఆకులో పొంగలి పెట్టింది. ఆమె చెయ్యి వణకలేదు. విఘ్నేష్ కళ్లనీళ్లు ఆకులో పడుతుంటే వాటితోనే కలుపుకుని ఒక ముద్ద మింగాడు. రెండో ముద్ద మింగుడు పడలేదు.

అమ్మణి ముందుకు పోబోయి ఆగింది. పక్కింటివాళ్లను అడిగినట్టే, నెమ్మదిగా, మర్యాదగా అడిగింది.

"ఇంకా రవ్వంత పెట్టమంటారా?"